నీళ్ళు ఏ రంగులో ఉన్నాయిరా?

2023 వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం. మా అమ్మాయి జి.సి.ఎస్.ఇ. జాగ్రఫీ ఫీల్డ్ ట్రిప్ నుంచి ఇంటికొచ్చింది. బూట్లకి అంగుళం మందాన మట్టి. వాళ్ళమ్మ వంటింటి గుమ్మం దగ్గరే ఆపేసి, బూట్లు బయట విప్పించింది. అది మాత్రం ఆ గొడవేమీ పట్టించుకోకుండా నా లాప్‌టాప్ లాక్కుని, "డాడీ, మన పోస్ట్‌కోడ్ కొడుతున్నా చూడు" అంది.

తెర మీద బ్రిటిష్ జియలాజికల్ సర్వే వారి పటం తెరుచుకుంది. రంగురంగుల మచ్చలతో, అమ్మమ్మగారి గుడ్డ పేలికల బొంతలా ఉంది. ఆ బొంత మధ్యలోంచి ఒక లేత పసుపు పట్టీ మెలికలు తిరుగుతూ పోతోంది. సరిగ్గా ఆ పట్టీలో మా వీధి. మా వీధిలో మా ఇల్లు.

"ఆ పసుపు ఏంటో తెలుసా? అల్లూవియం. నది తెచ్చి పోసిన మట్టి. అంటే మనం నదిలో కాపురం ఉంటున్నాం డాడీ!"

మా ఆవిడా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పదకొండేళ్ళ క్రితం ఇదే తోటలో నిలబడి, ఏ పటమూ చూడకుండా, ఇదే మాట చెప్పినాయన ఒకరున్నారు. ఆయన మా నాన్న.

మొదట్నించీ చెప్తాను. నేను ఎం.సి.ఎ. చదివి, మనలో చాలామంది లాగే కంప్యూటర్ ఉద్యోగం మీద 2004లో ఈ దేశం వచ్చాను. ఎనిమిదేళ్ళు అద్దె ఇళ్ళలో గడిపాక, 2012లో సర్రేలో హోర్లీ పరిసరాల్లో ఒక ఇల్లు చూసుకున్నాం. వెనక తోట, తోట వెనక చెట్ల వరస, ఆ చెట్ల అవతల మోల్ నది. నది అంటే మన గోదారిని ఊహించుకోకండి. మామూలు రోజుల్లో మా ఊరి పంట కాలువంత కూడా ఉండదు. వెస్ట్ ససెక్స్‌లో రస్పర్ అనే పల్లె దగ్గర పుట్టి, దాదాపు 80 కిలోమీటర్లు నడిచి, హాంప్టన్ కోర్ట్ ఎదురుగా మోల్సీ దగ్గర థేమ్స్‌లో కలుస్తుంది. దుబాయ్ మీదుగా వచ్చి గాట్విక్‌లో దిగే మనవాళ్ళందరూ తెలియకుండానే ఈ నదిని దాటుతారు. గాట్విక్ రన్‌వే కింద సొరంగ కాలువలోంచి పోయేది ఈ మోల్ నదే.

ఒలింపిక్స్ జరిగిన ఆ వేసవిలోనే అమ్మా నాన్నా మా దగ్గరకి వచ్చారు. ఇల్లు బేరం కుదిరింది కానీ కాయితాలు మార్చుకోలేదు. "మీరూ ఒకసారి చూసి దీవించండి" అని నాన్నని తీసుకెళ్ళాను. ఎస్టేట్ ఏజెంట్ ఇంట్లో గదులు చూపిస్తుంటే నాన్న ఒక్క గదీ చూడలేదు. తిన్నగా వెనక తోటలోకి నడిచి, గులాబీ పాదు పక్కన గొంతుకూర్చుని, చిటికెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపారు. కొంచెం ఉమ్మి తడి చేసి మళ్ళీ నలిపారు. ఆఖరికి ఆవగింజంత మట్టి పళ్ళ మధ్య పెట్టుకుని కొరికి ఉమ్మేశారు. ఏజెంట్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మా ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

"ఏరు నడిచిన నేలరా ఇది," అన్నారు నాన్న. "ఒండ్రు. కింద ఎంత లోతుందో గానీ పైన మాత్రం మేటే. ఇంకోసారి ఆలోచించుకో."

నేను నవ్వాను. "నాన్నా, ఇది ఇంగ్లండు. ఇక్కడ సర్వేలు ఉంటాయి, సెర్చ్‌లు ఉంటాయి, లాయర్లు ఉంటారు. ఎవరో ఒకరు చూసుకుంటారు" అన్నాను.

చూసుకున్నారు కూడా. లాయరు పంపిన దొంతరలో వరద ప్రమాదం గురించి ఒక పేజీ ఉంది. నేను దాన్ని తిప్పేశాను. క్లయింట్ల దగ్గర "రిస్క్ రిజిస్టర్ ప్రతి వరసా చదవాలి" అని ఉపన్యాసాలిచ్చే మనిషిని, నా జీవితంలో అతి పెద్ద కొనుగోలుకి ఒక్క పేజీ చదవలేదు. ఈ తప్పు పూర్తిగా నాదే.

పాస్ పుస్తకంలో మూడున్నర ఎకరాలు

నాన్నకి మట్టి సంగతి ఎలా తెలుసో చెప్పాలంటే మా లంక గురించి చెప్పాలి. మాది కోనసీమలో, రావులపాలెం దిగువన గౌతమి పాయ ఒడ్డున ఒక లంక. ఇక్కడ పుట్టిన మన పిల్లల కోసం చెప్తున్నాను: లంక అంటే నది మధ్యలోనో పక్కనో మేట వేసిన మట్టితో ఏర్పడిన దిబ్బ. ఏటేటా వరద వస్తుంది, పోతూ పోతూ ఒక పొర ఒండ్రు వదులుతుంది. ఆ ఒండ్రులో అరటి, కంద, కూరగాయలు ఎరువు అక్కర్లేకుండా పండేవి. మా చిన్నప్పుడు వరద అంటే భయమూ ఉండేది, ఎదురుచూపూ ఉండేది.

1986 ఆగస్టులో వచ్చిన వరద మాత్రం వేరు. ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఊరంతా ఏటిగట్టు మీద పది రోజులున్నాం. నీరు తీశాక వెళ్ళి చూస్తే మా చేలో ఒండ్రు లేదు, మోకాలి లోతు ఇసుక మేట ఉంది. ఒండ్రు పడితే అదృష్టం, ఇసుక పడితే దరిద్రం అనేవాడు మా పెదనాన్న. రెండూ అదే నది తెస్తుంది. జోరుగా పోయేచోట ఇసుక దించుతుంది, నెమ్మదించిన చోట ఒండ్రు దించుతుంది.

ఆ ఇసుక తొలగించడానికి రెండేళ్ళు పట్టింది. తరవాతి ఏళ్ళలో ఇంకో గండం మొదలైంది. గట్టు కోత. ప్రతి వరదకీ ఒడ్డు కొంత జారి ఏట్లో పడిపోయేది. మా పాస్ పుస్తకంలో మూడున్నర ఎకరాలుంటుంది. నేల మీద ఎకరంన్నర ఉంటుంది. మిగతా రెండెకరాలూ ఎక్కడున్నాయని ఎవరైనా అడిగితే, నాన్న దిగువకి చెయ్యి చూపించి, "అంతర్వేది దాకా పోయి ఉంటాయి" అనేవారు. గౌతమి మట్టి అంతర్వేది ఎందుకు పోతుంది, అది వశిష్ఠ పాయ కదా అని అడిగితే, "నీకు లెక్కలు బాగా వచ్చురా" అని నవ్వేవారు.

కాయితం మీద నీదైన నేల నిజంగా నీదేనా అన్న అనుమానం, అందుకే, ఆయనకి ప్రాణంలో ఉండిపోయింది. గులాబీ పాదు పక్కన ఆయన కొరికి చూసింది ఆ అనుమానాన్నే.

డార్కింగ్‌లో ఒక పూట

అదే వేసవిలో నాన్నని డార్కింగ్ తీసుకెళ్ళాను. మనవాళ్ళకి ఈ ఊరి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సర్ ఆర్థర్ కాటన్ గారు 1899లో కన్నుమూసి, అక్కడి శ్మశానవాటికలో విశ్రమిస్తున్నారు. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి, గోదావరి డెల్టాకి అన్నం పెట్టిన మనిషి. నాన్న చెప్పులు విప్పి, సమాధి ముందు చాలాసేపు నిలబడ్డారు. పదవీ విరమణ తరవాత కాటన్ గారు డార్కింగ్‌లో తన తోటలోనే మట్టిని లోతుగా తవ్వి గోధుమలు పండించే ప్రయోగాలు చేసేవారట అని చెప్తే, ఆనకట్ట సంగతి కన్నా దానికే ఎక్కువ సంతోషించారు. "అదీ! మట్టి మనిషన్నమాట" అన్నారు.

మధ్యాహ్నం బాక్స్ హిల్ కింద మోల్ నదిని దాటే రాతి మెట్ల దగ్గర పులిహోర తిన్నాం. యుద్ధకాలంలో తీసేసిన ఆ రాళ్ళని మళ్ళీ వేశాక 1946లో అప్పటి ప్రధాని అట్లీ ప్రారంభించాడు. నాన్న నీళ్ళలో చెయ్యి పెట్టి అడుగున మట్టి తీసి చూశారు. "మీ ఇంటి దగ్గర మట్టే ఇక్కడా ఉంది. అక్కణ్ణుంచే వస్తోంది" అన్నారు. కాటన్ గారు పడుకున్న ఊరి పక్కనే పారే నది, మా ఇంటి వెనక పారే నది ఒకటేనని నాకు అప్పుడే తట్టింది. ఆ సంతోషంలో ఆయన హెచ్చరిక పూర్తిగా మర్చిపోయాను. సెప్టెంబరులో ఇల్లు కొన్నాం.

క్రిస్మస్ ముందురోజు

2013 డిసెంబరు 23 రాత్రి గాలీ వానా ఏకధాటిగా కురిసింది. తెల్లవారుజామున అయిదున్నరకి మెలకువ వచ్చి కిటికీలోంచి చూస్తే తోట లేదు. చెట్ల వరస నీళ్ళలో నిలబడి ఉంది. గులాబీ పాదు కనపడటం లేదు. నాకు చెయ్యీ కాలూ ఆడలేదు. పర్యావరణ సంస్థ వరద హెల్ప్‌లైన్ నంబరు వెతకాల్సింది పోయి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ పదకొండయింది.

"నాన్నా, ఏరు తోటలోకి వచ్చేసింది" అన్నాను. గొంతు వణికి ఉంటుంది.

ఒక్క క్షణం ఆగి ఆయన అడిగిన మొదటి మాట: "నీళ్ళు ఏ రంగులో ఉన్నాయిరా?"

ఈ సమయంలో రంగేమిటి అని విసుక్కోబోయి, టార్చి వేసి చూశాను. "టీ రంగులో ఉన్నాయి."

"పాలు పోసిన టీయా, పొయ్యని టీయా?"

"పాలు పోసిందే."

"అయితే ఇంకా పెరుగుతుంది. మట్టి మోస్తోందంటే జోరు తగ్గలేదన్నమాట. సామాన్లు మేడ మీదకి ఎక్కించు. కరెంటు తీసెయ్యి. పిల్లని కిందకి రానివ్వకు. నీళ్ళు తేరుకోవడం మొదలెడితే ఏరు తీస్తున్నట్టు. అప్పటిదాకా గంటకోసారి ఫోన్ చెయ్యి."

'నేను అప్పుడే చెప్పాను కదా' అని ఒక్క మాట అనలేదు. ఆ రోజే కాదు, ఆ తరవాత ఎప్పుడూ అనలేదు.

పది గంటలకి వంటింట్లోకి నీళ్ళొచ్చాయి. నాలుగంగుళాలు. టీవీలో గాట్విక్ చూపిస్తున్నారు. ఉత్తర టెర్మినల్ విద్యుత్ వ్యవస్థలోకి వరద నీరు చేరి, పండక్కి ఊళ్ళకి వెళ్ళాల్సిన వేలమంది చిక్కుకుపోయారు. మా ఎదురింటి పెద్దాయన మోకాటి బూట్లు వేసుకుని వచ్చి మమ్మల్ని వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. వాళ్ళ గుమ్మం మా గుమ్మం కన్నా రెండడుగులే ఎత్తు. వాళ్ళింట్లో చుక్క నీరు లేదు. మధ్యాహ్నం మూడున్నరకి చీకటి పడుతుండగా మా ఆవిడ కిటికీలోంచి చూసి, "రంగు పలచబడింది" అంది. నిజమే. తెల్లారేసరికి ఏరు తన దారికి తను వెళ్ళిపోయింది. వంటింటి గచ్చు మీద అర అంగుళం మందాన, పిండి జల్లించి పరిచినట్టు, నున్నటి మేట వదిలి వెళ్ళింది.

క్రిస్మస్ రోజు ఎదురింటివాళ్ళు భోజనం పెట్టారు. మన తెలుగువాళ్ళు నాలుగు కుటుంబాలు చీపుళ్ళు, బక్కెట్లు, గిన్నెడు సాంబారుతో దిగిపోయారు. వాళ్ళ పేర్లు రాస్తే కోప్పడతారు. చదువుతుంటే వాళ్ళకే తెలుస్తుంది.

మేట సంగతి చెప్తే నాన్న ఉత్సాహపడ్డారు. "అర అంగుళమే! పారెయ్యకురా, మొక్కలకి వెయ్యి." ఇక్కడ వరద నీటిలో మురుగు కలిసి ఉంటుందని, చేతులకి తొడుగులు వేసుకుని, కడిగి, మందు చల్లమన్నారని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఒండ్రుని మందేసి కడుక్కోవాల్సి వచ్చిందా!" అన్నారు చివరికి. వరద వచ్చిందన్న బాధకన్నా ఆ బాధే ఎక్కువున్నట్టు తోచింది.

నేల రాసుకున్న లాగ్ ఫైల్

మళ్ళీ 2023కి వద్దాం. అమ్మాయి చూపించిన పటం నన్ను పట్టుకుంది. ఆ వేసవంతా లైబ్రరీ పుస్తకాలు, సర్వే వారి వివరణలు చదివాను. నాకు అర్థమైనంత వరకు మీకూ చెప్తాను.

మా వృత్తిలో లాగ్ ఫైల్ అని ఒకటుంటుంది. కంప్యూటర్‌లో ఏం జరిగినా దానంతటదే ఒక వరస రాసుకుంటుంది. ఏదైనా చెడినప్పుడు అది చదివితే జరిగిందంతా తెలుస్తుంది. నదీ లోయలో నేల కూడా అలాంటిదే. పాత పొర కింద, కొత్త పొర పైన. ఒక్కటే తేడా: నది మెలిక మార్చుకున్నప్పుడల్లా పాత పొరల్ని కొంత కోసుకుపోతుంది, అంటే లాగ్‌లో కొన్ని పేజీలు చింపేస్తుంది. మిగిలిన పేజీల్లోంచే కథ చదువుకోవాలి.

మోల్ లోయ కథ స్థూలంగా ఇది. అట్టడుగున వీల్డ్ బంకమట్టి. దాదాపు 13 కోట్ల ఏళ్ళ క్రితం, రాకాసిబల్లుల కాలంలో, ఇక్కడి నదులూ చెరువులూ దించిన బురదే అది. పిల్లలూ, సర్రేలోనే ఆక్లీ దగ్గర ఇటుకల కోసం ఈ మట్టి తవ్విన గుంటలో 1983లో బారియోనిక్స్ అనే చేపలు తినే డైనోసార్ ఎముకలు దొరికాయి. ఇంత పెద్ద గోరు మొదట బయటపడిందట! అది ఇప్పుడు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియానికి చెందింది. ఈ బంకమట్టిలోకి నీరు ఇంకదు. అందుకే వాన పడగానే నీరంతా జారి కాలువల్లో పడి, మోల్ గంటల్లో పొంగుతుంది.

దాని మీద అక్కడక్కడ గులకరాళ్ళ మెట్లు. మంచుయుగాల్లో హిమానీ నదాలు సర్రే దాకా రాలేదు గానీ నేలంతా గడ్డకట్టి ఉండేది. వసంతంలో మంచు కరిగి ఉరవడిగా పారే నీరు గులకరాళ్ళని దొర్లించుకొచ్చి లోయ నిండా పరిచింది. తరవాత నది లోతుగా కోసుకున్నాక, పాత అడుగు మెరకగా ఒడ్డున మిగిలింది. దాన్ని నదీ సోపానం అనుకోవచ్చు. పటంలో చూస్తే మా ఎదురింటివాళ్ళు సరిగ్గా అలాంటి మెరక మీద ఉన్నారు. ఆ రెండడుగుల ఎత్తు ఆ రోజు వాళ్ళ ఇంటిని కాపాడింది. మన ఊళ్ళలో రామాలయం ఎప్పుడూ మెరక మీదే ఉన్నట్టు, ఇంగ్లండు లోయల్లో కూడా పాత పల్లెలు చాలావరకు ఇలాంటి గులక మెరకల మీదే పుట్టాయి. పల్లంలోకి ఇళ్ళు దిగింది తరవాతి కాలంలోనే.

అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా చిన్న వయసుది ఒండ్రు. మంచుయుగం ముగిసి 11,700 ఏళ్ళు. ఒండ్రంతా ఆ తరవాతదే. అందులో పై భాగం చాలాచోట్ల మనిషి చేసిన పని. అడవులు నరికి దుక్కి దున్నడం మొదలెట్టాక, విడిపోయిన మట్టి వానకి కొట్టుకొచ్చి లోయల్లో మేట వేసింది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని 'ఇటీవలి' మట్టి అంటారు. వాళ్ళ లెక్కలో 2013 క్రిస్మస్ నాడు మా వంటింట్లో పడిన అర అంగుళం కూడా ఆ పొరలో భాగమే. మేం తుడిచేసిన లాగ్ ఎంట్రీ అది!

మోల్ అక్కణ్ణుంచి డార్కింగ్ దాటి సుద్దకొండల్ని చీల్చుకుని లెదర్‌హెడ్ వైపు పోతుంది. సుద్దరాయిలో బొరియలుంటాయి. గట్టి ఎండాకాలంలో నీరు వాటిలోకి జారిపోయి, నది కొంతదూరం కనబడకుండా పోతుంది. మోల్ అంటే నేల కింద సొరంగాలు తవ్వుకునే చిన్న జంతువు కదా, అందుకే ఆ పేరని సరదాగా చెప్తుంటారు. ఎండాకాలం మాయమయ్యే అదే నది 1968 సెప్టెంబరులో మోల్సీ వీధుల్ని ముంచింది.

ఇంకో చిన్న సంగతి చదివి నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. సన్న ఒండ్రునీ బంకమట్టినీ వేరుచేయడానికి పొలంలో శాస్త్రజ్ఞులు కూడా కాస్త మట్టి పళ్ళ మధ్య పెట్టుకుని చూస్తారట. ఒండ్రయితే కరకరలాడుతుంది, బంకమట్టయితే వెన్నలా జారుతుంది. నాన్న సరిగ్గా అదే చేశారు. ఏజెంట్ ముందు తలవంచుకున్నది నేను.

రెండు సీసాలు

నాన్న 2019లో వెళ్ళిపోయారు. ఈ సంగతులేవీ ఆయనకి చెప్పే అవకాశం దొరకలేదు. 2024 జనవరిలో సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మాయి ఒక ప్రయోగం చేసింది. మన పిల్లలంతా ఇంట్లో చేసుకోవచ్చు. ఒక గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, మూత బిగించి బాగా కుదిపి, కదపకుండా పెట్టాలి. రేణువు ఎంత పెద్దదైతే అంత త్వరగా అడుగుకి చేరుతుంది. 10 సెంటీమీటర్ల నీటిలో 0.1 మిల్లీమీటర్ల సన్న ఇసుక రేణువు 11 సెకన్లలో దిగుతుంది. అందులో పదో వంతున్న ఒండ్రు రేణువుకి 18 నిమిషాల పైన పడుతుంది. అందులోనూ పదో వంతున్న బంకమట్టి రేణువుకి ఒక రోజు మీద ఇంకో ఏడు గంటలు. పరిమాణం పదో వంతయితే సమయం వంద రెట్లు! నది మట్టిని జల్లెడ పట్టే రహస్యం ఇదే. నాన్న అడిగిన రంగు ప్రశ్నకి సమాధానం కూడా ఇదే. నీరు కలియబెట్టినట్టు జోరుగా ఉన్నంతసేపు మట్టి పైన తేలుతుంది, జోరు తగ్గితే దిగుతుంది, నీరు తేరుతుంది.

లంక మట్టి సీసా మేం భోజనం చేసి వచ్చేసరికే చాలావరకు తేరుకుంది. అడుగున ఇసుక, దాని మీద మందంగా ఒండ్రు. ఆ మట్టిని ఇక్కడికి తేవడానికి వీల్లేదు, బయటి దేశాల మట్టి బ్రిటన్‌లోకి నిషిద్ధం. అందుకని ఫోటోలు తీసుకుని, ఇక్కడికొచ్చాక మా తోట మట్టితో రెండో సీసా పెట్టింది. అది మూడో రోజుకి కూడా పాలు పోసిన టీలానే ఉంది. బంకమట్టి ఎక్కువ కదా. రెండు ఫోటోలూ ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీదున్నాయి.

ఊళ్ళో ఇంకో సంగతి తెలిసింది. లంకలో ఇప్పుడు ఏటేటా పడే ఒండ్రు మునుపటంత లేదని ముసలివాళ్ళంతా అంటున్నారు. అది వట్టి చాదస్తం కాదు. 1970లలో గోదావరి ఏడాదికి సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు డెల్టాకి తెచ్చేదని, 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించారు. ఎగువన కట్టిన ఆనకట్టల వెనక మట్టి ఆగిపోవడమే ముఖ్య కారణం. మట్టి రాకపోతే డెల్టా పెరగదు, సముద్రం కోసుకుంటూ వస్తుంది. ఇక్కడ మాకు అక్కర్లేని మట్టి ఇంట్లోకొచ్చి పడుతోంది, అక్కడ కావలసిన మట్టి రావడం లేదు. ఆనకట్టలు వద్దని నేననను. కాటన్ గారి ఆనకట్ట లేకపోతే మా తాతముత్తాతలు తిండిలేక ఎటు పోయేవారో తెలియదు. నీటికి లెక్క రాసుకున్నట్టే మట్టికీ లెక్క రాసుకోవాలి, అంతే.

ఇల్లు కొనేవాళ్ళకి

ఈ మధ్య మన అసోసియేషన్‌లో కొత్తగా ఇళ్ళు వెతుక్కుంటున్న కుర్రాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళకి నా అనుభవం పనికిరావాలనే ఇదంతా రాశాను. స్కూలు ర్యాంకు, స్టేషను దూరం, వాస్తు అన్నీ చూడండి. వాటితో పాటు పది నిమిషాలు నేలకీ ఇవ్వండి. సర్వే వారి భూగర్భ పటం ఉచితంగా చూసుకోవచ్చు. 2009 నుంచే ఆ సౌకర్యం ఉంది. అంటే నేను కొనేనాటికే ఉంది! పర్యావరణ సంస్థ వరద పటం కూడా చూడండి. ఇంటి బీమా ఎంతకి వస్తుందో కొనకముందే అడగండి. 2016 ఏప్రిల్‌లో మొదలైన ఫ్లడ్ రీ పథకం వల్ల వరద ప్రాంతాల్లో పాత ఇళ్ళకి బీమా కాస్త అందుబాటులోకి వచ్చింది గానీ, 2009 జనవరి 1 నుంచి కట్టిన ఇళ్ళకి అది వర్తించదు. లాయరు పంపిన దొంతరలో ఏ పేజీ తిప్పెయ్యకండి. మీ అమ్మానాన్నల్లో ఎవరైనా రైతు ఉంటే, తోటలోకి ఒకసారి తీసుకెళ్ళండి. మట్టి కొరికినా సిగ్గుపడకండి.

మేం ఆ ఇల్లు అమ్మలేదు. ప్లగ్గు సాకెట్లు నడుము ఎత్తుకి మార్చుకున్నాం, వంటింటికి టైల్స్ వేయించాం, తలుపులకి వరద పలకలు బిగించుకున్నాం. వాన గట్టిగా పడిన రాత్రి అమ్మాయి టార్చి తీసుకుని వెళ్ళి నీళ్ళ రంగు చూసొస్తుంది. ఎవరూ చెప్పక్కర్లేదు.

చివరగా ఒక మాట. ఆ సంక్రాంతికే నాన్న పేరున ఉన్న భూమి అమ్మ పేరు మీదకి మార్పించడానికి పాస్ పుస్తకం తీశాం. "మూడున్నర ఎందుకమ్మా, ఉన్నది ఎకరంన్నరే కదా, ఉన్నదే రాయిద్దాం" అన్నాను. అమ్మ పుస్తకం నా చేతిలోంచి తీసుకుని కొంగుతో తుడిచింది.

"మొత్తం రాయించు. మీ నాన్న అలాగే ఉంచారు. గోదారి ఏ ఏడైనా మళ్ళీ మేట వెయ్యచ్చు."

మూడున్నర ఎకరాలూ రాయించాం.